బెంగళూరులోని పెనుకొండ వాళ్ల సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల కాగితం కోశాధికారిగారు అందరికీ విడిగా పంపారు కాబట్టి, ఇక్కడ పనుల సంగతే రాస్తున్నాను.

ఉగాది కలయిక యలహంకలో జరిగింది. మాట్లాడుకున్న హాలు వాళ్లు చివరి నిమిషంలో చేతులెత్తేసేసరికి కాస్త టెన్షన్ పడ్డాం, చివరికి ఒక సభ్యుడి మిద్దె మీద షామియానా వేసి కానిచ్చేశాం. ఓళిగలు మాత్రం అందరికీ అందాయి.

దసరా సెలవుల్లో ఇక్కడ పుట్టిన పిల్లల్ని హిందూపురం మీదుగా రైల్లో ఊరికి తీసుకెళ్లాం. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక తిరుమలరాయలు హంపి వదిలి రాజధానిని మన కొండ కిందికే తెచ్చాడని, అది తర్వాత చంద్రగిరికి వెళ్లిపోయిందని గగన్ మహల్ ముందు నిలబెట్టి చెప్పాం. వాళ్లు విన్నారో లేదో గానీ ఫోటోలు మాత్రం పడుకున్న కుంభకర్ణుడి బొమ్మ దగ్గరే ఎక్కువ దిగారు. ఊరు ఉన్నచోటే ఉంది, 1882లో బళ్లారి జిల్లా నుంచి అనంతపురం విడిపోయినప్పుడు అందులోకి వెళ్లింది, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది.

కోట గురించి ఏటా చెప్పుకుంటాం, చేల గురించి ఎవరూ ఎత్తరు. అందుకే ఈసారి ఆ ప్రయాణంలోనే ఒక పూట రైతులతో రచ్చకట్ట దగ్గర కూర్చున్నాం. మన వైపు ఏడాది మొత్తం మీద వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, అది కూడా అడిగినప్పుడు రాదు. జూన్, జులైలో పదును చూసి శెనక్కాయ విత్తుతారు, ఊడలు దిగేటప్పుడో కాయ ఊరేటప్పుడో బెట్ట తగిలిందంటే పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది గానీ పీకితే లొట్టలే. బోరు ఉన్నవాళ్లు కొందరు మల్బరీ పెట్టి పట్టుగూళ్లు హిందూపురానికో రామనగరానికో తోలుతున్నారు. హంద్రీ-నీవా కాలువ నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరు దాకా వచ్చాయి, ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి, దాంతో భూముల ధరలు పెరిగాయి, మనలో చాలామందికి ఊరి మీద ప్రేమ కూడా అప్పుడే పెరిగింది (కోపం తెచ్చుకోకండి, నాకూ పెరిగింది).

ఆ రోజు రైతులు మనల్ని అడిగింది ఒక్కటే, సంతకం. మన పొలాలు చేస్తున్నది కౌలుదార్లు, అంతా నోటిమాట మీదే. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం యజమాని 11 నెలల ఒప్పందం మీద సంతకం పెడితేనే వాళ్లకు సాగుదారు హక్కు కార్డు వస్తుంది, అది లేకపోతే పంట రుణం, బీమా, నష్టపరిహారం అన్నీ కష్టమే. సంతకం పెడితే భూమి పోతుందని మనవాళ్ల భయం. ఆ చట్టంలో భూమి మీద హక్కు కౌలుదారుకు రాదు, పంట మీదే వస్తుంది. బెంగళూరులో అద్దె ఇంటికి 11 నెలల అగ్రిమెంటు రాయించుకునే మనం, ఊళ్లో పొలం చేసే మనిషికి రాసివ్వడానికి ఇంత వెనకాడడం నాకైతే నచ్చలేదు. కమిటీలో ఇద్దరు ఒప్పుకోలేదు, ఇది సంఘం పని కాదన్నారు. అదీ రాస్తున్నాను.

చెరువు వాగు పూడిక తీయించే పని ఈ ఏడాది మొదలుకాలేదు, అనుమతి రాలేదు.

ఏరువాకకు ముందే మళ్లీ కలుద్దాం. ఊళ్లో పొలం ఉన్నవాళ్లు పాసుపుస్తకం నకలు, ఆధార్ కాపీ తీసుకురండి, కాగితాలు రాసిపెట్టడానికి మన సభ్యుల్లోనే ఒక వకీలుగారు వస్తామన్నారు. మధ్యాహ్నం సంగటి, శెనక్కాయ ఊరిబిండి ఉంటాయి, ఎంతమంది వస్తారో ముందే చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి