సున్నుండలు ఎప్పుడు ఇవ్వాలంటే

జయనగర్, బెంగళూరు

చి.ల.సౌ. శారదకు నాన్న ఆశీస్సులు.

మీ ఇంటి వెనక గడ్డి అంటుకుని, మంట కంచె దాకా వచ్చి ఆగిందని నువ్వు రాసిన ఉత్తరం చదివినప్పటి నుంచి మీ అమ్మ మనసు అక్కడే ఉంది. దాన్ని ఆపినవారు పైసా జీతం లేకుండా పొలం పనులూ కొలువులూ వదిలి పరుగెత్తుకొచ్చిన ఊరివాళ్ళే అన్న సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఇక్కడ 101కి ఫోను చేస్తే వచ్చేది ప్రభుత్వోద్యోగులు. ఆస్ట్రేలియాలోని మీ విక్టోరియా రాష్ట్రంలోనేమో 1945లో ఏర్పడిన కంట్రీ ఫైర్ అథారిటీ అనే అగ్నిమాపక సంస్థ పల్లెల్లో నిలబడినది ముఖ్యంగా స్వచ్ఛంద సేవకుల మీదనే.

వాళ్ళకు మిఠాయి చేసి ఇస్తానన్నావు. తప్పకుండా ఇవ్వు, కాని మంట ఆర్పుతున్న చోటికి పట్టుకుపోవద్దు. ఆ వేళ దారిలో అదనంగా ఒక కారు ఉండటమే వాళ్ళకు ఇబ్బంది. 1998 డిసెంబరు 2న, మీ బల్లరాట్‌కు దగ్గరే ఉన్న లింటన్‌లో గాలి ఒక్కసారిగా దిశ మార్చడంతో జిలాంగ్ వెస్ట్ అగ్నిమాపక దళానికి చెందిన ఐదుగురు సేవకులు ప్రాణాలు కోల్పోయారు. మే 4న జరిపే అంతర్జాతీయ అగ్నిమాపకుల దినం ఆ విషాదం నుంచే పుట్టింది. ఆ తర్వాతనే అక్కడి సేవకులందరికీ కనీస శిక్షణ తప్పనిసరి అయింది. అలా వాళ్ళు శిక్షణకు కూడుకునే సాయంత్రమే నీకు అనువైన సమయం. ముందుగా దళం కెప్టెన్‌కు ఫోను చేసి, ఎంతమంది వస్తారో, తినకూడని పదార్థాలు ఎవరికైనా ఉన్నాయేమో అడుగు.

ఏం చేయాలన్న దానిమీద నాకూ మీ అమ్మకూ వాదన జరిగింది. ఆమె బొబ్బట్లన్నది, నేను సున్నుండలన్నాను. బొబ్బట్లు వేడిగా తింటేనే బాగుంటాయి, పైగా ఎక్కువ రోజులు నిలవుండవు. సున్నుండకు పళ్ళెమూ చెంచా అక్కర్లేదు; మిగిలినా మూతపెట్టిన డబ్బాలో చాలా రోజులు నిలవుంటుంది. రెండు గ్లాసుల మినపప్పును సన్నని సెగ మీద దోరగా, కమ్మని వాసన వచ్చేదాకా ఓపికగా వేయించి, చల్లారాక మిక్సీలో మెత్తగా పట్టి జల్లించు. గ్లాసున్నర బెల్లం తురుము కలిపి మరోసారి మిక్సీలో తిప్పి, వేడి నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు చుట్టు. మీ ఎండలకు నెయ్యి ఎక్కువైతే ఉండలు జారిపోతాయి, కనుక ఇక్కడికంటే కొంచెం తగ్గించు. తడి చేయి మాత్రం తగలనివ్వకు.

జీడిపప్పు వద్దు. అది పడక ప్రాణం మీదికి తెచ్చుకునేవారుంటారు. మినుములు, బెల్లం, నెయ్యి అని వాళ్ళ భాషలో చీటీ రాసి డబ్బాకు అంటించు. నెయ్యి పాలతో చేసినదని కూడా రాయి, లేకపోతే అడగడానికి మొహమాటపడి ఎవరో ఒకరు తినకుండా ఊరుకుంటారు. డబ్బా తిరిగి ఇవ్వనవసరం లేనిదై ఉండాలి. గిన్నెలు కడిగి ఇంటింటికీ చేరవేసే పని కూడా వాళ్ళ నెత్తిన పెట్టకూడదు కదా.

అల్లుడుగారు కూడా దళంలో చేరాలనుకుంటున్నారని చివర్లో రెండు ముక్కలు రాశావు. మీ అమ్మకు భయంగా ఉంది. నేను మాత్రం వద్దనను. ఆ శిక్షణ ఎన్ని వారాలో, ఏయే రోజుల్లో ఉంటుందో ఆ సాయంత్రమే కనుక్కుని రాయి.

ఇట్లు,
మీ నాన్న