జ్వరం సంగతి దాచకు తల్లీ

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం కులాసా. వానలు పట్టుకున్నాయి, కాలువ ఒడ్డుదాకా పారుతోంది. గౌరి ఈనింది, పెయ్యదూడ. నాన్నగారు దాని దగ్గర్నుంచి కదలడం లేదు. నువ్వు ఆదివారం నుంచి ఫోన్ ఎత్తడం లేదు, ఎత్తినా "మళ్ళీ చేస్తానమ్మా" అని పెట్టేస్తున్నావు. ఫోన్లో ఏదడిగినా మాట మార్చేస్తావు కాబట్టి రాస్తున్నా, తీరిగ్గా చదువు.

నిన్న గుళ్ళో పద్మ పిన్ని కనిపించి "చిట్టికి జ్వరం వచ్చిందటగా, డోలో వేసుకుని పడుకుంటే తగ్గిపోయిందట" అంది. వాళ్ళ రమ్య చెప్పిందట. నిజమో కాదో నాకు తెలీదు. క్యాన్సర్‌కి కీమో మందు ఎక్కించుకుంటూ జ్వరాన్ని అలా దాచావంటే మాత్రం నాకు చాలా కోపంగా ఉంది.

సరే, అది పక్కన పెడతాను. పూతరేకులు పంపమన్నావు. ఆత్రేయపురం నుంచి తెప్పించగలను గానీ, ఎవరి చేత్తో చుట్టారో, ఎన్నాళ్ళు పెట్టెలో ఉన్నాయో, ఒంట్లో తెల్లకణాల కౌంట్లు పడిపోయే రోజుల్లో అవి నీకెందుకు? ఇప్పుడు వేడివేడిగా పొయ్యి మీంచి దిగిందే తిను. కోసి అమ్మే పళ్ళు వద్దు, బండి మీద చెరుకురసం వద్దు, పచ్చి ఉల్లిపాయ, పచ్చి కొబ్బరి చట్నీ వద్దు, పాలు కాచి తాగు, నీళ్ళూ కాచినవే. పులస కూడా ఉడికిందే కాబట్టి తినొచ్చు, కానీ నిన్న వండినది ఫ్రిజ్‌లోంచి తీసి తినకు. నోట్లో పుళ్ళు పడ్డాయన్నావు, ఆవకాయ జోలికి వెళ్ళకు. మెత్తటి బ్రష్ కొనుక్కున్నావా? కాచి చల్లార్చిన నీళ్ళలో కాస్త ఉప్పు, కాస్త వంటసోడా వేసి తిన్నప్పుడల్లా పుక్కిలించు, మింగకు. ఒక్కసారి చేసి "మంట తగ్గలేదు" అంటే ఎలా?

నీ కీమో తారీకు చుట్టూ నాన్నగారు క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా గళ్ళన్నిటికీ గీతలు కొట్టి పెట్టారు. క్రిములతో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోయేది ఆ రోజుల్లోనేనట. ఆదివారం ఆ గీతల్లోనే ఉంది. అందుకే పిన్ని మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

సత్తిబాబు మావయ్య సంగతి నీకు పూర్తిగా తెలీదు, అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. లింఫోమా అనే క్యాన్సర్‌కి కాకినాడలో కీమో చేయించుకుని ముక్తేశ్వరం వచ్చేసేవాడు. మూడో డోసు అయ్యాక పట్టుమని పది రోజులు కాలేదు, తోడల్లుడి గృహప్రవేశమని వెళ్ళాడు. అత్తయ్య వద్దంది, "నేనేమన్నా మూలపడ్డానా" అన్నాడు. అక్కడ పందిట్లో అందరితో కూర్చుని భోంచేశాడు, గ్లాసులో పోసిన నీళ్ళు తాగాడు. రెండో రోజు రాత్రి చలి, వణుకు. అత్తయ్య రెండు దుప్పట్లు కప్పి ఊళ్ళో ఆర్‌ఎంపీని పిలిపించింది. ఆయన జ్వరం ఇంజెక్షన్ చేశాడు, గంటకల్లా చెమట పట్టి ఒళ్ళు చల్లబడింది. మావయ్య లేచి కాఫీ కూడా అడిగాడు. గండం గడిచిందని అందరూ పడుకున్నారు. తెల్లారుజామున చూస్తే చేతులు మంచులా ఉన్నాయి, పిలిస్తే మాట ముద్దగా వస్తోంది. ఆ వేళకి కోటిపల్లి రేవు దాటడానికి పంటు లేదు, కారులో యెదుర్లంక వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళారు. బీపీ పడిపోయిందని తిన్నగా ఐసీయూలో పెట్టారు. కాలు మీద చిన్న గీరుకి చీము లేదు, ఎరుపు లేదు. చీము పట్టాలన్నా తెల్లకణాలే ఉండాలి కదా, జ్వరం ఒక్కటే ఉంది, దాన్నీ ఇంజెక్షన్ అణిచేసింది. "ఇలాంటి జ్వరానికి ఆస్పత్రికి వచ్చిన గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కించాలి, మీరు రాత్రంతా ఇంట్లోనే ఉంచేశారు" అని డాక్టరుగారు అత్తయ్యతో అన్నారు. బతికాడు, ఇప్పుడు కొబ్బరితోట చూసుకుంటున్నాడు, కానీ ఆ ఐసీయూ బయట అత్తయ్య పడ్డ బాధ నేను చూశాను.

కాబట్టి థర్మామీటర్ 100.4 డిగ్రీలు చూపిస్తే మాత్ర వేసుకోకు. అర్ధరాత్రి అయినా సరే ఆస్పత్రి కార్డు మీదున్న వార్డు నంబరుకి ఫోన్ చేసి బయల్దేరు, క్యాజువాలిటీలో మొదటి మాటే "నాకు కీమో నడుస్తోంది, జ్వరం" అని చెప్పు. లైన్లో నిలబెడితే నిలబడకు, అల్లుడుగారిని గట్టిగా మాట్లాడమను. జ్వరం లేకపోయినా వణుకొస్తే, ఆయాసమొస్తే, విరేచనాలు ఆగకపోతే అప్పుడూ అంతే.

పద్మ పిన్ని బలానికని ఏవో మాత్రలు పంపుతానంది, వద్దన్నాను. నాన్నగారికి ఈ మాట దొరికితే చాలు, మా భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అని మొదలెడతారు. అమెరికాలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారుచేసింది, దానికి అడ్డుపడే అమినాప్టెరిన్ అనే మందునీ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని బ్లడ్ క్యాన్సర్ పిల్లలకి ఇచ్చి ఫలితాలు 1948లో ప్రకటించాడు. ఒక విటమిన్‌కి అడ్డుపడితే అదే మందైంది, మరి మనం అడక్కుండా మింగే విటమిన్ ఏ మందుకి అడ్డుపడుతుందో అంటారు నాన్నగారు. ఈ ఒక్క విషయంలో ఆయన మాటే నా మాట. ఆకుపసరైనా, బలం మాత్రయినా డాక్టరుగారిని అడక్కుండా వద్దు.

మీ పనమ్మాయి కడుపుతో ఉందన్నావుగా, డోసు తర్వాత రెండు రోజులు నీ బాత్రూం, నీ బట్టలు ఆమెని ముట్టుకోనివ్వకు. ఆ మందు మూత్రంలో, వాంతుల్లో బయటికి వస్తుందట. మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చెయ్యి, వాంతి పడిన దుప్పటి గ్లౌజులేసుకుని విడిగా ఉతకమని అల్లుడుగారికి చెప్పు, ఆయనేం అనుకోరు. ఎర్రగా ఉండే ఆ కీమో మందు ఎక్కించాక మూత్రం ఎర్రగా వస్తే కంగారుపడకు, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కానీ సూది దగ్గర మంటపుట్టినా, వాచినా వెంటనే నర్సమ్మని కేకెయ్యి. మొహమాటపడి కూర్చుంటే చర్మం కాలినట్టు పుండవుతుంది. నీకు చిన్నప్పట్నుంచీ మొహమాటమే.

కడియం నుంచి తెచ్చుకున్న ఆ కుండీల మట్టి తవ్వడం ఇప్పుడు మానెయ్యి, అందులో బూజు ఉంటుంది. బాబు స్కూలు నుంచి రాగానే చేతులు సబ్బుతో కడిగించి అప్పుడు ఒళ్ళోకి తీసుకో, వాడికి ముక్కు కారుతుంటే రెండు రోజులు మీ అత్తగారి దగ్గర పడుకోబెట్టు.

శనివారం గౌతమి రైలుకి వస్తున్నా. నాన్నగారికి దగ్గుంది, తగ్గకపోతే ఆయన రారు, నేనొక్కదాన్నే వస్తాను. మాస్కు పెట్టుకునే వస్తాను, నువ్వు నవ్వకు. వచ్చేలోపు పొద్దున, సాయంత్రం టెంపరేచర్ చూసి ఆ అంకె ఫోటో తీసి పంపు, నోటితో చెప్తే నేను నమ్మను. ఆదివారం ఎంత ఉందో కూడా రాయి, తిట్టను. థర్మామీటర్లో సెల్ అయిపోయిందేమో ఇవాళే చూసుకో.

మీ అమ్మ