శాస్త్రవేత్త నోరు విప్పే హక్కును చట్టంలో రాయండి

కెనడా సమాఖ్య ప్రభుత్వంలో సైన్స్ బాధ్యతలు చూస్తున్న మంత్రి గారికి,

నమస్కారం. కొల్లేరు పక్క పల్లెలో పుట్టినవాడిని. పద్నాలుగేళ్లుగా విన్నిపెగ్‌లో ఉంటున్నాను, కెనడా పౌరుడిని. పోయిన ఎండాకాలం పిల్లల్ని గ్రాండ్ బీచ్‌కి తీసుకెళితే విన్నిపెగ్ సరస్సు ఒడ్డున నీళ్ల మీద పచ్చటి తెట్టు కట్టి ఉంది. దిగొద్దని పిల్లల్ని ఆపేశాం. "నీళ్లు ఇలా ఎందుకయ్యాయి నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది.

జవాబు చెప్పగలిగాను. ఆ జవాబు శాస్త్రవేత్తలు వెతికిన చోటు విన్నిపెగ్‌కి తూర్పున, కారులో మూడు నాలుగు గంటల దూరంలో, అంటారియో అడవుల్లో ఉంది. 1968లో మొదలైన ఎక్స్‌పెరిమెంటల్ లేక్స్ ఏరియా అది, అసలు సరస్సుల మీదే ప్రయోగాలు చేసే పరిశోధన కేంద్రం. అక్కడ 226వ నంబరు సరస్సుకు నడుము దగ్గర అడ్డంగా తెర కట్టారు. ఒకవైపు కార్బన్, నత్రజని మాత్రమే కలిపారు. రెండోవైపు వాటితోపాటు ఫాస్ఫరస్ కూడా వేశారు. ఫాస్ఫరస్ పడిన సగం నాచుతో పచ్చబడింది. తప్పంతా కార్బన్‌దేనని అప్పట్లో తమ సరుకులో ఫాస్ఫరస్ వాడే సబ్బుల కంపెనీలు వాదిస్తుండేవి. 1973లో పైనుంచి తీసిన ఆ సరస్సు ఫొటో చూస్తే చిన్నపిల్లలకు కూడా విషయం అర్థమవుతుంది. మా అమ్మాయికి అదే చూపించాను.

అలాంటి చోటికి డబ్బు ఆపేస్తున్నామని 2012లో అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. 2014లో విన్నిపెగ్‌లోని ఐఐఎస్‌డీ అనే స్వచ్ఛంద సంస్థ నిర్వహణ తీసుకోబట్టి అది బతికింది.

డబ్బు కోత కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది నోళ్లు కట్టేయడం. సాల్మన్ చేపలు ఎందుకు చనిపోతున్నాయో పరిశోధించిన ప్రభుత్వ శాస్త్రవేత్త క్రిస్టీ మిల్లర్ వ్యాసం 2011లో పేరున్న 'సైన్స్' పత్రికలో వచ్చింది. కానీ దాని గురించి ఆమెను ప్రభుత్వం విలేకరులతో మాట్లాడనివ్వలేదు. ప్రజల డబ్బుతో చేసిన పని ప్రజలకు చెప్పడానికి పై నుంచి అనుమతి కావాలా? 2012 జూలైలో తెల్లకోట్లు వేసుకున్న శాస్త్రవేత్తలు పార్లమెంటు ముందుకు శవపేటిక మోసుకొచ్చారంటే వాళ్లకు ఎంత కడుపు మండి ఉండాలి!

అంతకు ముందు, 2010లో, జనగణనలో తప్పనిసరి పెద్ద ప్రశ్నావళిని కూడా తీసేశారు. ఆ గొడవలోనే గణాంకాల సంస్థ అధిపతి మునీర్ షేక్ రాజీనామా చేశారు. మా లాంటి వలస కుటుంబాలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎలా బతుకుతున్నాయో దేశానికి తెలిసేది ఆ ప్రశ్నావళి వల్లే.

2015లో ప్రభుత్వం మారాక ప్రశ్నావళి తిరిగొచ్చింది. శాస్త్రవేత్తలు మాట్లాడవచ్చన్నారు. 2017లో మోనా నెమర్ గారిని ప్రధాన శాస్త్ర సలహాదారుగా నియమించారు. సంతోషమే. కానీ ఇలాంటి సలహాదారు పదవి 2004లోనూ ఉండేది. 2008లో దాన్ని తీసేశారు. ఒక ప్రభుత్వం ఇచ్చింది ఇంకో ప్రభుత్వం వెనక్కి తీసుకోగలదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? మాట్లాడే హక్కు ఇప్పుడు ఉద్యోగ ఒప్పందాల్లో, శాఖల విధానాల్లో ఉందని మీ అధికారులు చెబుతారు. నిజమే, కానీ ఒప్పందాలు గడువు తీరాక మారతాయి, విధానాలు మంత్రితో పాటు మారిపోతాయి. అందుకే నాకు టెన్షన్.

ప్రభుత్వ నిర్ణయాలను ప్రతి ఉద్యోగీ బహిరంగంగా విమర్శించాలని నేను అనడం లేదు. తన పరిశోధనలో ఏం తేలిందో అడిగినవాళ్లకు అడిగిన రోజే చెప్పగలగాలి, అంతే. ఆ హక్కునూ ప్రధాన శాస్త్ర సలహాదారు పదవినీ చట్టంలో పెట్టండి. ఆ బిల్లు ఎప్పుడు తెస్తారో చెప్పండి.

ఇట్లు,
విన్నిపెగ్ నుంచి ఒక తెలుగు కెనడియన్