పదో అక్షరం చూడకుండా ఇకపై ఆర్డర్ తీసుకోను

మా స్పేర్ పార్టుల కొట్టుకు వచ్చే వారందరికీ నమస్కారం. ఈ నెల నుంచి ఆర్డర్ తీసుకునే పద్ధతి మారుస్తున్నాను. బయటి నుంచి తెప్పించే సామానుకు ఇకపై మీ బండి ఛాసిస్ నంబరు, అంటే చట్రం మీద కొట్టి ఉండే నంబరు, అందులో సంవత్సరం చెప్పే పదో అక్షరం చూశాకే ఆర్డర్ రాసుకుంటాను. కొందరికి ఇది చాదస్తంగా కనిపిస్తుందని తెలుసు. అందుకే దీని వెనక ఉన్న కథ కూడా చెబుతాను, అందులో నా పరువు కొంత పోయినా సరే.

మా గల్లాపెట్టె వెనక పైన ఒక అర ఉంది. కొట్టులో పనిచేసే కుర్రవాడు దానికి ‘పాపాల అర’ అని పేరు పెట్టాడు. తప్పుగా తెప్పించి, వెనక్కి పంపలేక మిగిలిపోయిన సామానంతా అందులో ఉంటుంది. మొన్న ఏడాది లెక్కలు చూసుకుంటూ అదంతా కిందికి దించి బిల్లులు కూడితే 38,400 రూపాయలు తేలింది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర అద్దె కట్టుకుంటూ నడిపే కొట్టుకు అది మూడు నెలల అద్దె. ఒక్కో పెట్టె విప్పి చూస్తే దాదాపు అన్నిటిదీ ఒకే జబ్బు: బండి సంవత్సరం తప్పు. మీరు నోటితో చెప్పారు, నేను చీటీ మీద రాసుకున్నాను. చూసి రాసుకోవలసినవాణ్ణి విని రాసుకున్నాను కాబట్టి నష్టం ఎవరి మీదా వేయలేను.

ఆ అరలో అన్నిటికంటే పెద్ద పెట్టె ఒక వైరింగ్ సెట్టుది. నరసన్నపేట వైపు నుంచి వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారి స్ప్లెండర్‌కు ఎలుకలు వైర్లు కొరికేశాయి. “ఏ సంవత్సరం బండి మాస్టారూ?” అని అడిగితే తడుముకోకుండా “2017” అన్నారు. ఆర్సీ తీసి చూపించారు కూడా. రిజిస్ట్రేషన్ తేదీ 2017 ఏప్రిల్. ఇంకేం, విశాఖ నుంచి వైరింగ్ తెప్పించి చేతిలో పెట్టాను. మెకానిక్ ట్యాంకు దించి, సీటు తీసి, పాత వైర్లన్నీ లాగేసి కొత్తవి పరిచాడు. హ్యాండిల్ కుడివైపు స్విచ్చి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. బండికి హెడ్‌లైటు ఆర్పే స్విచ్చి ఉంది. కొత్త వైరింగ్‌లో దానికి వైరే లేదు!

2017 ఏప్రిల్ ఒకటి నుంచి వచ్చే ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉండాలన్న నిబంధన వచ్చింది. దాంతో ఆర్పే స్విచ్చి పోయింది. పట్టపగలు లైటు వెలుగుతోందని దారిన పోయేవాళ్లు చేతులు ఊపి చెప్పడం అప్పట్లోనే మొదలైంది. అదే రోజు నుంచి బీఎస్-3 బళ్లు, అంటే పొగ విషయంలో పాత ప్రమాణం ప్రకారం చేసినవి, అమ్మకూడదని సుప్రీంకోర్టు మార్చి 29న చెప్పింది. ఆ తర్వాత రెండు రోజులూ షోరూముల ముందు జనం ఎలా విరగబడ్డారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వేలకు వేలు తగ్గించి ఉన్న సరుకంతా వదిలించుకున్నారు. మాస్టారూ ఆ గుంపులోనే కొన్నారు. బిల్లు మార్చి 31న, రిజిస్ట్రేషన్ ఏప్రిల్‌లో. బండి మాత్రం 2016 నవంబరులో తయారైంది. ఆ సంగతి ఆర్సీలోనే వేరే గడిలో అచ్చయి ఉంది. నేను తేదీ చూసి గడి వదిలేశాను. రెండోసారి వైర్లు విప్పి కట్టినందుకు మెకానిక్ కూలి నేనే ఇచ్చాను. మాస్టారు మాత్రం ఒక్క మాట అనలేదు, అంటేనే బాగుండేది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కొన్ని కంపెనీలు గడువు కంటే ముందే కొత్త ప్రమాణం బీఎస్-4 బళ్లు, ఆర్పే స్విచ్చి లేకుండా, దింపాయి. కాబట్టి 2016లో తయారైందని తేలినంత మాత్రాన స్విచ్చి ఉండే తీరుతుందని చెప్పలేం. విద్యుత్తు సామాను ఏది అడిగినా ఇకపై హ్యాండిల్ రెండు వైపుల ఫోటో కూడా అడిగేది అందుకే.

ఇప్పుడు అసలు విషయం, ఛాసిస్ నంబరు. చాలా బళ్లకు ఇది హ్యాండిల్ కింద, ఫోర్కు తిరిగే మెడ గొట్టం మీద కొట్టి ఉంటుంది. హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా తిప్పితే సాధారణంగా కుడివైపున కనిపిస్తుంది. కనిపించేది మొదట మట్టే. పాత పళ్ల బ్రష్షును కిరోసిన్‌లో ముంచి రుద్దండి, గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. అప్పటికీ అక్షరాలు తేలకపోతే చిటికెడు ముగ్గుపిండి తీసుకుని వేలితో అద్దండి. పిండి గుంటల్లో నిలిచి, పైపైన ఉన్నది తుడిస్తే పోతుంది. నల్లటి గొట్టం మీద అక్షరాలు తెల్లగా లేస్తాయి. అప్పుడు ఫోటో తీయండి. ఉప్పుకాగితం పెట్టి మాత్రం గీకకండి. ఆ నంబరు చెరిగితే రేపు బండి అమ్ముకునేటప్పుడు మీకే ఇబ్బంది.

ఆ నంబరులో అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 17 ఉంటాయి. మొదటి మూడూ కంపెనీవి: ఎమ్‌బిఎల్ అంటే హీరో, ఎమ్‌డి2 బజాజ్, ఎమ్‌డి6 టీవీఎస్, ఎమ్‌ఇ3 రాయల్ ఎన్‌ఫీల్డ్, ఎమ్‌ఇ4 హోండా. మన దగ్గర తిరిగే బళ్లలో ఎక్కువ వాటికి పదోది సంవత్సరం చెబుతుంది. 2001 నుంచి 2009 దాకా 1 నుంచి 9 అంకెలు. 2010కి ఏ, 2011కి బి, అలా 2017కి హెచ్. ఐ అక్షరం వాడరు కాబట్టి 2018కి జె, తర్వాత కె, ఎల్, ఎమ్, ఎన్. ఓ కూడా లేదు, అందుకని 2023కి పి. క్యూ కూడా లేదు, 2024కి ఆర్. ఒకటి, సున్నాలతో కలిసిపోతాయని ఆ మూడు అక్షరాలనూ మొత్తం నంబరులో ఎక్కడా పెట్టరు.

అంత జాగ్రత్తపడి కూడా బి అక్షరాన్నీ 8 అంకెనూ ఉంచేశారు. నేను బోల్తా పడింది అక్కడే. తుప్పు పట్టిన ఒక బండి ఫోటోలో బి ఉంటే 8 అని చదివి, 2011 బండికి 2008 కార్బొరేటర్ తెప్పించాను. అదీ పాపాల అరలోనే ఉంది. జి అక్షరం, 6 అంకె కూడా ఇలాంటి జంటే. అందుకే ఇకపై ఫోటో చదివాక ఆర్సీలోని నంబరుతో ఒక్కొక్కటీ పోల్చి చూస్తాం. మీరు పక్కన నిలబడి చదివితే ఇంకా మంచిది.

బండి నంబరు ప్లేటు చూసి సంవత్సరం చెప్పేవారికి ఒక మాట. మన జిల్లాకు ఏపీ 30, విజయనగరానికి ఏపీ 35 ఉండేవి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. కాబట్టి ఏపీ 30 ఉంటే పాతది, ఏపీ 39 ఉంటే కొత్తది అని ఒక లెక్క జనంలో పడిపోయింది. ఇచ్ఛాపురం వైపు ఒడిశా నుంచి సెకండ్ హ్యాండు బళ్లు ఎన్ని వస్తాయో తెలియనిది కాదు. అలా వచ్చిన పల్సర్ ఒకటి ఇక్కడ మళ్లీ రిజిస్టరై ఏపీ 39 పెట్టుకుని మా కొట్టు ముందు ఆగింది. “ఐదేళ్ల బండి” అన్నాడు అబ్బాయి. ఛాసిస్‌లో పదోది డి. 2013లో పుట్టిన బండి అది. పాపం, కొన్న ధర చెప్పాక అతని ముఖం చూడలేకపోయాను.

ఇంజను సామానుకు ఇంజను నంబరు కూడా కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నీళ్లలో నానిన బళ్లు ఎన్నో. వాటిలో కొన్నిటికి తర్వాత పాత ఇంజన్లు బిగించారు. అలాంటి బండికి ఒళ్లు ఒక ఏడాదిది, గుండె ఇంకో ఏడాదిది. క్లచ్ ప్లేట్లు, గ్యాస్కెట్లు ఇంజనును బట్టి, మిగతావి ఛాసిస్‌ను బట్టి ఇవ్వాలి. ఆర్సీలో ఉన్న ఇంజను నంబరూ, ఇంజను మీదున్నదీ ఒకటి కాకపోతే ముందు రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి సరిచేయించుకోండి. నేను సామాను అమ్ముతాను, కానీ ఆ సలహా ఇవ్వకుండా అమ్మను.

ఇక పద్ధతి. అప్పటికప్పుడు అరలోంచి తీసి ఇచ్చే బల్బు, కేబుల్, ప్లగ్గు లాంటి వాటికి ఇవేమీ అక్కర్లేదు. బయటి నుంచి తెప్పించే సామానుకు మాత్రం ఛాసిస్ నంబరు ఫోటో, ఆర్సీ ఫోటో రెండూ కావాలి. పదో అక్షరం ఒక్కటే పంపితే చాలదు, ఎందుకంటే కంపెనీ క్యాటలాగుల్లో ‘ఫలానా నంబరు నుంచి ఈ పార్టు’ అని ఏడాది మధ్యలో కూడా మారుస్తారు. ఫోటోలు నా ఫోనుకే పంపండి, పదిమంది ఉండే గ్రూపుల్లో పెట్టకండి. సగం డబ్బు ముందు ఇవ్వాలి. నంబరు చూసి నేను తప్పు తెప్పిస్తే డబ్బు మొత్తం తిరిగి ఇస్తాను, బిగించిన కూలి కూడా నాదే. నంబరు ఇవ్వకుండా “నాకు తెలుసు, తెప్పించు” అంటే మాత్రం తెప్పించను. పాత ఆర్‌ఎక్స్ 100ల్లాంటి వాటికి 17 అక్షరాల లెక్క పనిచేయదు. వాటిని కొట్టు ముందుకే తీసుకురండి, పాత పార్టు పక్కన పెట్టి పోల్చి చూద్దాం.

పాపాల అర ఖాళీ చేస్తున్నాను. హెడ్‌లైటు స్విచ్చి లేని స్ప్లెండర్‌కు వైరింగ్ సెట్టు ఒకటి, 2008 కార్బొరేటర్ ఒకటి, ఇంకా ఇరవై దాకా పెట్టెలున్నాయి. అన్నీ సీలు తీసినవే గానీ వాడినవి కావు. మీ బండికి సరిపోతే నేను కొన్న ధరకే తీసుకెళ్లవచ్చు. ఛాసిస్ నంబరు మాత్రం తెచ్చుకోండి.