పాత పటాల్లో మన కొండలు

సంపాదకులు గారికి,

భూగోళం మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లు, అంటే కొండలు, వాగులు, అడవులు చూపిస్తూ మైలుకు అంగుళం లెక్కన వేసిన పటాలు, నా దగ్గర కొన్ని ఉన్నాయి. అరకు వైపు షీటులో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కనబడదు, ఎందుకంటే ఆ లైను 1960ల్లో వచ్చింది. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గీసిన గోధుమరంగు కాంటూరు గీతలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే అక్కడ వాలు నిటారు. అవే కొండ పైవైపు మొన తిరిగి 'వి' ఆకారంలో వంగితే అక్కడో గెడ్డ (వాగు) ఉన్నట్టే. వానాకాలం మాత్రమే పారే గెడ్డకు నల్ల గీత, ఏడాదంతా నీళ్లుండేదానికి నీలిరంగు. ఆకుపచ్చ మీద 'దట్టమైన అడవి', 'పలచటి అడవి' అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఆ మాటల పక్కన ఈనాటి శాటిలైట్ ఫొటో పెడితే ఎక్కడ చెట్లు పోయాయో, ఎక్కడ మళ్లీ లేచాయో పిల్లలకు కూడా తెలుస్తుంది.

సింహాచలం, కంబాలకొండ చుట్టూ ఇళ్లు పెరుగుతున్నాయి. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేముందు పాత షీటులో ఆ నల్ల గీతలు ఎటు పోతున్నాయో చూడాలి. గెడ్డ పూడ్చి కట్టిన ఇంట్లోకి నీళ్లు వచ్చాక చూసి ఏం లాభం? ఈ షీట్లను స్కాన్ చేయించి నగరంలోని గ్రంథాలయాల్లో అందరికీ అందుబాటులో ఉంచాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సీతమ్మధార, విశాఖపట్నం