పాలిచ్చే తల్లికి చేదోడు కావాలి

సంపాదకులు గారికి, నమస్కారాలు.

ఏటా ఆగస్టు 1 నుంచి 7 వరకు జరిగే ప్రపంచ తల్లిపాల వారోత్సవాల వార్తలను ఈసారి కూడా మీ జిల్లా పేజీల్లో చదివాను. ర్యాలీలు తీశారు, ప్రతిజ్ఞలు చేయించారు, అంగన్‌వాడీ కేంద్రాల్లో సమావేశాలు పెట్టారు. అన్నిచోట్లా ఉపన్యాసం తల్లికే. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి, ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా తాగించకూడదు, ఆ తరువాత పై ఆహారం పెడుతూ రెండేళ్లు, ఇంకా వీలైతే ఆపైన కూడా పాలివ్వాలి అని చెప్పారు. ఇందులో ఒక్క మాటా తప్పు కాదు. అయితే ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుల వార్డులో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు తెలిసినంతలో, ఈ సంగతులు తెలియని తల్లులు ఇప్పుడు తక్కువ, తెలిసినా చేయలేకపోతున్నవాళ్లే ఎక్కువ. మొదటి మూడు రోజులు మంచం పక్కన నిలబడి సాయం చేసే మనిషి, తిరిగి పనిలో చేరాక పాలివ్వడానికి కాస్త వ్యవధి, ఒక చోటు ఉంటే వాళ్లలో చాలామంది ఎవరూ చెప్పకుండానే పాలిస్తారు.

2019-21లో జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో దాదాపు 89 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు సుమారు 42 శాతమే. ఇళ్లలో పురుడు పోసే రోజుల్లో ముర్రుపాలు పిండి పారబోసేవారని, బిడ్డకు తేనె నాకించేవారని, ఆముదం పోసేవారని పెద్దవాళ్లను తప్పుపట్టాం. ఇప్పుడు బిడ్డ పుట్టేది డాక్టర్లు, నర్సుల చేతుల్లో. ఆ మొదటి గంట కూడా వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. అది జారిపోతోందంటే జవాబు చెప్పవలసింది ఆసుపత్రులే గాని అమ్మమ్మలు, నాయనమ్మలు కాదు.

మన రెండు రాష్ట్రాల్లో దీనికి ఒక పెద్ద కారణం ఆపరేషన్ కాన్పులు. అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లని తేలింది. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే ఆ వాటా 80 శాతం దాటింది. అన్ని ఆపరేషన్లు అవసరమా అన్న చర్చ వేరు, దాన్ని ఇక్కడ ఎత్తను. ఆపరేషన్ అయినంత మాత్రాన పాలు ఆలస్యం కావాలని మాత్రం ఎక్కడా లేదు. చాలా సిజేరియన్లకు మత్తు వెన్నులో ఇస్తారు కాబట్టి తల్లి మెలకువగానే ఉంటుంది. బిడ్డ బాగా ఏడ్చి, రంగు బాగుంటే థియేటర్‌లోనే తల్లి గుండెల మీద పడుకోబెట్టవచ్చు. కాని జరిగేది ఏమిటంటే, బిడ్డను తల్లికి ఒకసారి చూపించి, తుడిచి, గుడ్డలో చుట్టి బయట బంధువుల చేతికిస్తారు. తల్లి సెలైన్‌తో కొన్ని గంటలు మరో గదిలో ఉంటుంది. ఈలోగా బిడ్డ ఏడుస్తుంది. ఎవరో ఒకరు మందుల దుకాణానికి వెళ్లి పాలపొడి డబ్బా తెస్తారు. తల్లీబిడ్డలను ఒకచోట చేర్చేసరికి బిడ్డ కడుపు నిండి నిద్రపోతూ ఉంటుంది.

వార్డులో మేము రోజూ వినే మాట, “సిస్టరమ్మా, పిల్లకు పాలు పడ్తలేవు, డబ్బా పాలు రాయించుండ్రి” అన్నది. రెండో రోజు రాత్రి ఈ మాట మరీ ఎక్కువగా వినబడుతుంది. ఎందుకంటే ఆ రాత్రి చాలామంది పిల్లలు గంట గంటకూ లేచి పాలకోసం ఏడుస్తారు. పుట్టిన రోజున బిడ్డ ఒక్కోసారి తాగేది ఒకటి రెండు చెంచాలకు మించదు, దానికి సరిపడా ముర్రుపాలు తల్లి దగ్గర ఉంటాయి. పాలు నిండుగా పడేది రెండు మూడు రోజుల తరువాతే, ఆపరేషన్ అయినవారికి ఒక్కోసారి ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. బిడ్డ చప్పరించినకొద్దీ, రొమ్ము ఖాళీ అయినకొద్దీ పాలు ఊరుతాయి. డబ్బా పాలతో కడుపు నింపితే బిడ్డ చప్పరించదు, చప్పరించకపోతే పాలు తగ్గుతాయి, తగ్గాయని ఇంకాస్త డబ్బా పాలు పోస్తారు. నాలుగు రోజుల్లో ఆ ఇంట్లో అందరూ “మా పిల్లకు పాలు లేవు” అని నిశ్చయానికి వచ్చేస్తారు. ఆ తల్లి కూడా నమ్ముతుంది, కుమిలిపోతుంది.

ఆ సమయంలో అవసరమయ్యే సాయం చాలా చిన్నది, కాని అది చేతులతో చేసే సాయం. కుట్లు లాగుతున్న తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకోలేదు. వీపు వెనుక రెండు దిండ్లు పెట్టి, బిడ్డను ఆమె చంక కిందుగా, కాళ్లు వెనక్కి ఉండేలా పక్కన పడుకోబెట్టి, మెడను ఆమె అరచేతిలో ఆనించాలి. అప్పుడు బరువు కుట్ల మీద పడదు. బిడ్డ పైపెదవికి చనుమొన తాకించి, నోరు ఆవలించినంత పెద్దగా తెరిచేదాకా ఓపిక పట్టాలి. తెరిచిన క్షణంలో దగ్గరకు తీసుకుంటే మొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళుతుంది, గడ్డం రొమ్ముకు ఆనుతుంది. మొనను మాత్రమే పట్టి చప్పరిస్తే బిడ్డకు పాలు సరిగా రావు, తల్లికి మొనలు పగిలి రక్తం కారుతుంది. సరిగా పట్టుకున్నాక నాలుగు గుటకలు వినబడితే ఆ తల్లి ముఖం మారిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. దీనికి పట్టేది పావుగంట, మహా అయితే అరగంట. రాత్రి డ్యూటీలో వార్డు మొత్తానికి ఒక్క నర్సు ఉన్నచోట ఆ అరగంట ఎక్కడి నుంచి వస్తుంది? 2016లో కేంద్రం ‘మా’ పేరుతో తల్లిపాల కార్యక్రమం మొదలుపెట్టి సిబ్బందికి శిక్షణ ఇప్పిస్తోంది. శిక్షణ మంచిదే, కాని శిక్షణ పొందిన మనిషికి ఆ పనికి తీరిక కూడా ఇవ్వాలి. కాన్పులు ఎక్కువ జరిగే ప్రతి ఆసుపత్రిలో, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, రాత్రీ పగలూ ఈ ఒక్క పనికే ఒకరిని కేటాయించాలని నా విన్నపం.

పాలపొడి గురించి ఒక మాట. కొందరు తల్లులకు, కొందరు బిడ్డలకు అది నిజంగా అవసరమవుతుంది. వైద్యులు చూసి చెప్పినప్పుడు వాడిన తల్లిని ఎవరూ చిన్నచూపు చూడకూడదు. అవసరం లేనిచోట దాన్ని అలవాటు చేయడమే తప్పు. 1992లో వచ్చి 2003లో సవరించిన చట్టం రెండేళ్లలోపు పిల్లల పాలపొడికి, శిశు ఆహారానికి, పాల సీసాలకు ప్రకటనలు ఇవ్వడాన్ని, ఉచిత నమూనాలు పంచడాన్ని, ఆరోగ్య సిబ్బందికి కానుకలు ముట్టజెప్పడాన్ని నిషేధించింది. చట్టం ఇంత గట్టిగా ఉన్నా కొన్ని ఆసుపత్రుల డిశ్చార్జి చీటీలో డబ్బా పేరు ముందే రాసి ఉండడం చూస్తున్నాం.

ఇంటికి వెళ్లాక కథ మళ్లీ మొదలవుతుంది. ఆశా కార్యకర్తలు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూడాలన్నది చాలా మంచి ఏర్పాటు. అయితే మన దగ్గర బాలింత పుట్టింట్లో ఉంటుంది, ఆమె పేరేమో అత్తవారి ఊరి ఆశా పుస్తకంలో ఉంటుంది. ఇద్దరు ఆశాల మధ్య ఆమె ఎవరికీ పట్టకుండా పోవడం నేను పదేపదే గమనించిన లోపం. డిశ్చార్జి రోజునే “ఈమె ఏ ఊరికి వెళుతోంది” అని అడిగి, ఆ ఊరి ఆశాకు ఫోన్‌లో తెలియజేస్తే సరిపోయేదానికి కొత్త పథకం అక్కర్లేదు. ఇక పథ్యం పేరుతో బాలింతకు నీళ్లు కొలిచి ఇవ్వడం, కూరగాయలు మాన్పించడం, చారన్నంతో సరిపెట్టడం ఇంకా చాలా ఇళ్లలో సాగుతోంది. పాలిచ్చే తల్లికి ఆకలి, దాహం మామూలు కంటే ఎక్కువ. ఆమెకు కడుపు నిండా అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టమని చెప్పవలసింది ఆమె తల్లికి, అత్తకు, భర్తకు. పాలు చాలుతున్నాయా అన్న అనుమానం వచ్చినప్పుడు చూడవలసిన గుర్తులు కూడా వాళ్లకే నేర్పాలి. అయిదో రోజు దాటాక రోజుకు ఆరు సార్లకు తక్కువ కాకుండా బిడ్డ ఉచ్చ పోస్తుంటే, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి వస్తే పాలు చాలుతున్నట్లే. బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ అది ఆకలి కాదు. బిడ్డ మందకొడిగా ఉండి పాలు పట్టుకోకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురావాలి.

ఇదంతా దాటుకుని పాలిస్తున్న తల్లికి అసలు పరీక్ష ఉద్యోగం దగ్గర ఎదురవుతుంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. అందులో ఎనిమిది వారాలు కాన్పుకు ముందే వాడుకోవలసి వచ్చిన తల్లికి తరువాత మిగిలేది 18 వారాలు, అంటే బిడ్డకు నాలుగు నెలలు దాటగానే ఆమె తిరిగి పనిలో ఉండాలి. ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలన్న మాట అక్కడే తెగిపోతుంది. యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగు సార్లు అక్కడికి వెళ్లి రావచ్చని చట్టం చెప్పింది. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేవరకు రోజుకు రెండు పాల విరామాలు ఇవ్వాలన్న నియమం అంతకు ముందు నుంచే ఉంది. ఈ విరామాల సంగతి ఎంతమంది ఉద్యోగినులకు తెలుసో, ఎన్ని కార్యాలయాల్లో ఇస్తున్నారో ఎవరైనా ఆరా తీయాలి.

మా వీధిలో ఒక అమ్మాయి బట్టల దుకాణంలో పనిచేస్తుంది. పాతికమంది లోపు పనివాళ్లున్న దుకాణం. పదిమంది ఉన్నా ప్రసూతి సెలవు హక్కు వర్తిస్తుంది, కాని అడిగితే ఉన్న పని పోతుందని భయపడి అడగలేదు. బిడ్డకు మూడో నెల రాగానే పనిలో చేరింది. పొద్దున పది గంటల నుంచి రాత్రి దాకా నిలబడే పని. మధ్యాహ్నానికి రొమ్ములు రాయిలా గట్టిపడేవి. పక్క కౌంటర్ దగ్గర ఎవరి బిడ్డో ఏడిస్తే పాలు చేపుకు వచ్చి జాకెట్టు తడిసేది, లోపల చేతిరుమాలు మడిచి పెట్టుకునేది. అన్నం తినే విరామంలో టాయిలెట్‌లోకి వెళ్లి వాష్‌బేసిన్‌లో పాలు పిండేసి వచ్చేది. ఇంట్లో నాయనమ్మ దగ్గరున్న బిడ్డ అదే సమయానికి సీసా పాలు తాగుతూ ఉండేది. పాలు గడ్డకట్టి జ్వరం వచ్చినప్పుడు ఆమె నా దగ్గరకు వచ్చింది, అప్పటికే పాలు బాగా తగ్గిపోయాయి. తలుపు గడియ వేసుకోగల ఒక చిన్న గది, ఒక కుర్చీ, చేతులు కడుక్కునే నీళ్లు, శుభ్రమైన మూతగల గిన్నె, పాలు దాచడానికి ఫ్రిజ్‌లో కాస్త చోటు, మధ్యాహ్నం ఇరవై నిమిషాలు దొరికి ఉంటే ఆ పాలు బిడ్డ కడుపులోకి చేరేవి. ఆ దుకాణానికి ఇవేవీ భారమయ్యేవి కావు.

యాభై మంది లేని దుకాణాలు, నర్సింగ్ హోములు, ప్రైవేటు బడులు మన పట్టణాల్లో వేలకు వేలు. పత్తి ఏరేవారికి, మిరపకోతలకు వెళ్లేవారికి, బీడీలు చుట్టేవారికి, ఇళ్లలో పనిచేసేవారికి ఏ సెలవూ లేదు, కూలి మానుకోవడమే వారి సెలవు. వీరికోసం అంగన్‌వాడీలతో కలిపి శిశు సంరక్షణ కేంద్రాలు నడపడానికి కేంద్రం ‘పాల్నా’ పథకం పెట్టింది. కూలికి వెళ్లే తల్లులు ఎక్కువగా ఉన్న ఊళ్లలో, బస్తీల్లో ఆ కేంద్రాలు ముందు రావాలి, వాటి వేళలు కూలి వేళలతో కలవాలి. ఉదయం ఆరింటికి పొలానికి వెళ్లే తల్లికి తొమ్మిదింటికి తెరిచే కేంద్రం వల్ల ఉపయోగం లేదు.

బహిరంగ ప్రదేశాల విషయంలో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా మాట్లాడింది. పాలిచ్చే తల్లులకు ప్రభుత్వ భవనాల్లో, బహిరంగ స్థలాల్లో వసతి కల్పించాలని, నలుగురిలో పాలివ్వడాన్ని తప్పుగా చూడకూడదని చెప్పింది. మన బస్టాండ్లలో కొన్నిచోట్ల అటువంటి గదులున్నాయి. వాటికి తాళం వేసి ఉంటే, సామాన్లు నింపి ఉంటే ఆ తీర్పు వల్ల తల్లికి ఒరిగేదేమీ లేదు.

సంపాదకులు గారూ, మీ విలేకరులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. ఒక్కసారి వారు తమ పట్టణంలో యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు వెళ్లి శిశు సంరక్షణ గది ఎక్కడుందో చూపించమని అడిగి, చూసింది చూసినట్లు రాయాలని, కార్మిక శాఖ అధికారులు తమ తనిఖీ ఫారాల్లో ఆ ప్రశ్నకు ఏమని నింపుతున్నారో కూడా ప్రచురించాలని కోరుతున్నాను. బస్టాండ్లలో పాలిచ్చే గదుల తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో కూడా వారినే కనుక్కోమనండి.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన స్టాఫ్ నర్సు,
హనుమకొండ