పోలింగ్ ముంగిట బయటపడ్డ పత్రాలు

సంపాదకులు గారికి,

ఎన్నికల్లో విదేశీ జోక్యం అనగానే అందరూ 2016 నాటి అమెరికానే తలుచుకుంటారు గానీ, పత్రికలవారు ముఖ్యంగా గమనించవలసింది 2017 నాటి ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నిక అని నా అభిప్రాయం. మే 7న తుది విడత పోలింగ్ జరగవలసి ఉండగా, 5వ తేదీ రాత్రి, ప్రచార గడువు ముగియడానికి కాసేపటి ముందు, అభ్యర్థి మాక్రాన్ ప్రచార బృందం నుంచి దొంగిలించిన సుమారు 9 గిగాబైట్ల ఈమెయిళ్లు, పత్రాలు ఇంటర్నెట్‌లో వెలువడ్డాయి. వాటిలో నకిలీవి కూడా కలిపారని ఆ బృందం హడావుడిగా ఒక ప్రకటన ఇచ్చింది. గడువు దాటాక అంతకుమించి మాట్లాడడానికి చట్టం ఒప్పుకోదు. ఎన్నికల ప్రచార పర్యవేక్షణ సంఘం కోరిన మీదట అక్కడి ప్రధాన పత్రికలు సంయమనం పాటించడం ఎంతైనా మెచ్చదగినది.

ఆ నెలాఖరున పారిస్ దగ్గరి వెర్సాయ్‌లో పుతిన్ పక్కనే నిలబడి, రష్యా ప్రభుత్వ మాధ్యమాలైన ఆర్‌టీ, స్పుత్నిక్ పాత్రికేయ ధర్మం విడిచి అసత్య ప్రచారానికి దిగాయని, ఎన్నికల్లో గెలిచి అధ్యక్షుడైన మాక్రాన్ తప్పుబట్టారు. చోరీ వెనుక రష్యా సైనిక నిఘా సంస్థ ఉందని ఫ్రాన్స్ అధికారికంగా ప్రకటించింది మాత్రం 2025లో. దొంగ ఎవరో తేలడానికి ఇన్నేళ్లు పడుతుంది కనుక, ఇటువంటి పత్రాలు చేతికందినప్పుడు వాటిలో ఏముందో రాయడంతో పాటు, వాటిని ఎవరు, ఏ సమయం చూసి వదిలారన్నది కూడా అదే వార్తలో పాఠకులకు తెలపాలని మీ పత్రికను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ